మినీ లేత్‌కి 125 చక్ బిగించకండి, దయచేసి

ఇంట్లో 7x12, 7x14 (అంగుళాలు) సైజు లేత్ పెట్టుకున్నవాళ్లు తరచూ అడిగే మాట: "దీనికి 125 ఎంఎం చక్ పడుతుందా?" చక్ అంటే జాబ్‌ని (తిప్పాల్సిన ముక్కని) జాస్‌తో, అంటే దవడలతో, పట్టుకునేది. బ్యాక్ ప్లేట్ (చక్‌కీ స్పిండిల్‌కీ మధ్య బిగించే పలక) చేయించుకుంటే పడుతుంది. కానీ దానితో మిషన్ పడే కష్టం చూడండి.

ఆ లేత్ స్వింగ్ (బెడ్‌కి తగలకుండా తిరగగల పెద్ద వ్యాసం) 180 ఎంఎం. అంటే స్పిండిల్ (చక్‌ని తిప్పే ఇరుసు) సెంటర్ నుంచి బెడ్‌కి 90. 125 చక్ సగం 62.5. మిగిలేది 27 ఎంఎం చిల్లర. పెద్ద జాబ్ పట్టడానికే కదా పెద్ద చక్ కొన్నది? జాస్ బాడీ దాటి బయటికి వస్తేనే పెద్ద జాబ్ పడుతుంది, అలా వచ్చిన జా బెడ్ అంచుకి వెంట్రుకవాసిలో తిరుగుతుంది. క్రాస్ స్లైడ్ (టూల్‌ని అడ్డంగా నడిపేది) మీద జాగా ఇంకా తక్కువ. బరువు సంగతి అంతకన్నా ముఖ్యం. తిరిగే చక్ జడత్వం వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. మందం అంతే ఉన్నా, మిషన్‌తో వచ్చే 80 చక్ నుంచి 125కి వెళ్తే సుమారు 6 రెట్లు. స్టార్ట్ చేసిన ప్రతిసారీ ఆ భారమంతా చిన్న మోటారు, దాని కంట్రోల్ బోర్డు మోయాలి. పైగా బ్యాక్ ప్లేట్ మందం, చక్ పొడవు కలిసి జాబ్‌ని బేరింగ్ నుంచి దూరంగా నెడతాయి. కోత పడేటప్పుడు కీచుమని చాటర్ (అదురు) రావడానికి ఇదొక పెద్ద కారణం. టూల్ మార్చి, స్పీడ్ మార్చి, అసలు దోషాన్ని మాత్రం వదిలేస్తుంటారు.

100 ఎంఎం చక్ వరకు ఒప్పుకుంటాను. దానికీ కారణం ఉంది. 80 సైజు త్రీ జా చక్ (మోడల్ కె11-80) మధ్య బెజ్జం 16 ఎంఎం మాత్రమే, స్పిండిల్ బెజ్జం 20 ఉన్నా సరే. 18 ఎంఎం రాడ్ వెనక నుంచి తోయాలంటే చక్ దగ్గరే ఆగిపోతుంది. 100 చక్‌లో 22 ఉంటుంది. పొడవాటి రాడ్ పని ఎక్కువ చేసేవాళ్లకి ఆ తేడా విలువైనదే. కానీ 80 చక్ రిజిస్టర్ (వెనక గాడి వ్యాసం) 55 ఎంఎం, బోల్ట్ సర్కిల్ (బోల్టుల వలయం వ్యాసం) 66. 100కి 72, 84. నేరుగా కూర్చోదు, మధ్యలో ప్లేట్ తప్పదు.

ఆ ప్లేట్ పోత ఇనుముది సగం తయారైనది కొనండి. ముందు మీ స్పిండిల్‌కి బిగించి, ఆ తర్వాతే మీ లేత్ మీదే ఫేసింగ్ చేసి (ముఖం చదును చేసి) స్పిగాట్ (చక్ గాడిలో కూర్చునే గట్టు) తిప్పుకోండి. బయట తిప్పించి తెస్తే వాళ్ల స్పిండిల్‌కి కుదురుతుంది, మీదానికి కాదు. స్పిగాట్ ఎత్తు చక్ గాడి లోతు కన్నా అర ఎంఎం తక్కువ ఉంచండి. స్పిగాట్ ముందు అడుగు తాకితే ఫేస్ ఆనదు, బోల్టులు ఎంత బిగించినా చక్ ఒక పక్కకి ఒరుగుతుంది.

నా గట్టి అభిప్రాయం ఏమిటంటే, డబ్బులు ఒక్క చక్‌కే ఉంటే 80 ఎంఎం డాగ్ చక్ కొనండి. నాలుగు జాస్ విడివిడిగా కదిలేది. మిషన్‌తో ట్రూ చక్ (పైన చెప్పిన త్రీ జా, మూడు జాస్ కలిసి కదిలేది) ఎలాగూ వస్తుంది. డాగ్ చక్‌లో చదరం పడుతుంది, వంకర పోత ముక్క పడుతుంది, కావాలని సెంటర్ తప్పించి ఎక్సెంట్రిక్ తిప్పొచ్చు. జాస్ తిరగేసి పెట్టొచ్చు కాబట్టి రెండో సెట్టు అక్కర్లేదు. ఈ డాగ్ చక్ (మోడల్ కె72-80)కి మధ్య బెజ్జం కూడా 22. కొనే ముందు ఒక్కటి చూసుకోండి: దీనికి వెనక 4 బోల్టులు, ట్రూ చక్‌కి 3. మీ స్పిండిల్ ఫ్లాంజ్‌లో (చక్ బిగించే అంచులో) రెండింటికీ బెజ్జాలున్నాయా?

"సెంటర్ చేయడం చికాకు" అని దీన్ని మూల పడేస్తున్నారు, అదే నాకు బాధ. ముందు చక్ ముఖం మీది గీతలు చూసి సుమారుగా బిగించండి. డయల్ గేజ్ ముల్లు జాబ్‌కి ఆనించి 1వ జా దగ్గర సున్నా పెట్టండి. అర చుట్టు తిప్పితే 3వ జా దగ్గర 0.36 ఎక్కువ చూపించిందనుకోండి. జరపాల్సింది 0.36 కాదు, దానిలో సగం, 0.18. కొత్తవాళ్లు అంతా జరిపేసి అటూ ఇటూ ఊగుతుంటారు. 1వ జా కొంచెం వదులు చేసి 3వది బిగించండి. ఆ జత కుదిరాకే 2, 4 పట్టుకోండి. చివర్లో నాలుగూ కొద్ది కొద్దిగా బిగిస్తూ ముల్లు చూడండి. చేయి తిరిగాక ఐదు నిమిషాల్లో 0.02 లోపు వస్తుంది.

ట్రూ చక్ 0.06 రన్నవుట్ (తిరిగేటప్పుడు సెంటర్ తప్పే ఊపు) చూపించిందని వాపసు పంపేవాళ్లకి ఒక మాట. జాబ్ విప్పకుండా ఒకే పట్టులో తిప్పి, బెజ్జం వేసి, కట్ చేస్తే ఆ 0.06 మీ జాబ్‌లోకి రాదు. తిరగేసి మళ్లీ పట్టినప్పుడే తేడా. అప్పుడు డాగ్ చక్ ఎక్కించాలి.

రన్నవుట్ కన్నా జాస్ అరుగుదల పెద్ద జబ్బు. సెకండ్ హ్యాండ్ చక్ చూడబోతే ఒక డ్రిల్ షాంక్, సన్నటి కాగితం ముక్కలు జేబులో వేసుకెళ్లండి. షాంక్‌కీ జాకీ మధ్య ముందు అంచున ఒకటి, లోపలి అంచున ఒకటి కాగితం పెట్టి బిగించి లాగండి. లోపలిది బిగుసుకుని ముందుది జారి వచ్చేస్తే జా ముందువైపు గంటలా విచ్చుకుంది. జాబ్ ఎంత బిగించినా టూల్ తాకగానే ఊగుతుంది. కీ తిప్పుతూ స్క్రోల్ (జాస్‌ని కదిలించే సుడి పళ్లెం) ఒకచోట బిగుసుకుని ఇంకోచోట వదులైతే కూడా వదిలేయండి.

చక్ మార్చేటప్పుడు బెడ్ మీద చెక్క పలక వేయండి. 2 కిలోల చక్ జారిపడితే బెడ్ మీద పడే గంటు, క్యారేజ్ (టూల్‌ని మోసుకెళ్లే బండి) అక్కడికి వచ్చినప్పుడల్లా తెలుస్తుంది.