జారిపోతున్న క్లచ్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ క్లచ్ గారికి,

పాత స్పోర్ట్స్ కారు యజమాని నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమం. ఇంజిన్ కూడా క్షేమం. అనుమానమంతా మీ క్షేమం గురించే.

ఈమధ్య ఎత్తు రోడ్డు కనబడితే చాలు, మీకు వైరాగ్యం ముంచుకొస్తోంది. నాలుగో గేరులో, 2000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కుతాను. ఆర్‌పీఎం ముల్లు ఒక్క గెంతు గెంతుతుంది. పక్కనున్న స్పీడోమీటర్ ముల్లు మాత్రం ఆ గొడవతో తనకేం సంబంధం లేనట్టు ఉన్నచోటే ఉంటుంది. చప్పుడు వింటే రేసు గెలిచేలా ఉన్నాం. అద్దంలో చూస్తే వెనక లారీ దారి ఇవ్వమని హారన్ కొడుతోంది.

లెక్క మీకు తెలియనిది కాదు. గేరు మారనంతసేపూ ఇంజిన్ చుట్లూ బండి వేగమూ కలిసే పెరగాలి. 2000 దగ్గర 60 కిలోమీటర్ల వేగం ఉంటే, 3000 దగ్గర 90 ఉండి తీరాలి. ఇంజిన్‌నీ గేర్‌బాక్స్‌నీ కలిపి పట్టుకునేది మీరే కదా, మధ్యలో ఎవరో మింగేస్తే తప్ప ఈ లెక్క తప్పదు.

అయినా నింద మీ మీద పడదు, అదీ మీ అదృష్టం. "పాత బండి కదా, ఇంజిన్ అలసిపోయింది" అని చూసినవాళ్లంతా తేల్చేస్తారు. కార్బురేటర్ విప్పిస్తారు, ప్లగ్గులు మార్పిస్తారు. నీరసపడ్డ ఇంజిన్ అయితే రెండు ముళ్లూ కలిసే మెల్లగా లేస్తాయండీ. ఒక్కటే పరిగెత్తి రెండోది కదలకపోతే దొంగ మీరే. పైగా ట్రాఫిక్‌లో, చిన్న గేర్లలో మీ అంత బుద్ధిమంతులు లేరు! అక్కడ బండి తేలిగ్గా కదిలిపోతుంది, పూర్తి బరువు మీ మీద ఎక్కువసేపు ఉండదు. ఆ నంగనాచి వేషం చూసే అందరూ మోసపోతున్నారు.

హ్యాండ్‌బ్రేక్ పరీక్షలో పాసయ్యానని గొప్పలు పోకండి. చక్రాలకు అడ్డం పెట్టి, హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి, మూడో గేరు వేసి, కాస్త రేస్ ఇచ్చి పెడల్ వదిలితే ఇంజిన్ టక్కున ఆగాలి. ఆగింది, ఒప్పుకుంటాను. కానీ అందులో తప్పేది బాగా అరిగిపోయినవాళ్లే. ఇప్పుడిప్పుడే జారడం నేర్చినవాళ్లు అందులో హాయిగా గట్టెక్కుతారు. మళ్లీ మళ్లీ పెడదామంటే ఆ వేడికి, రాపిడితో పట్టు ఇచ్చే మీ ప్లేటులో మిగిలింది కూడా కాలిపోతుంది. అందుకే నా నమ్మకమంతా ఎత్తు రోడ్డు మీదే, ఆ తర్వాత కిటికీలోంచి వచ్చే మాడు వాసన మీద.

అలాగని తొందరపడి గేర్‌బాక్స్ దించి మిమ్మల్ని నడివీధికి ఈడ్చను. (కొన్ని కార్లలో ఇంజినే కిందికి దించాలి. ఆ డిజైన్ చేసిన మహానుభావులకు వేరే ఉత్తరం రాయాలి.) ముందు మీ చుట్టాలను విచారిస్తాను.

కేబుల్ ఉన్న బండ్లలో ప్లేటు అరిగేకొద్దీ పెడల్ దగ్గర ఉండాల్సిన కాస్త వదులూ తగ్గిపోతుంది. అది సున్నా అయ్యాక రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కితే మీ పట్టు విడిపించేది) ప్లేటుని బిగించే స్ప్రింగ్‌ని ఒత్తుతూనే ఉంటుంది, కాలు తీసేసినా హాఫ్ క్లచ్‌లో ఉన్నట్టే. నట్టు సర్దితే పోయే జబ్బుకి ఆపరేషన్ ఎందుకు? మన బండిది హైడ్రాలిక్, అంటే కేబుల్ బదులు ఫ్లూయిడ్ ఒత్తిడితో పనిచేసేది కాబట్టి నా అనుమానం రబ్బరు పైపు మీద. ముసలిదై లోపల వాచిపోతే, తొక్కినప్పుడు ఫ్లూయిడ్‌ని వెళ్లనిస్తుంది, వదిలినప్పుడు వెనక్కి రానివ్వదు. పెడల్ దగ్గర ఫ్లూయిడ్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్ పుష్‌రాడ్‌కి (కడ్డీకి) వదులు లేకపోయినా ఇదే తంతు. తేల్చుకోవడం కష్టమేం కాదు. మీరు జారుతున్న సమయంలోనే బండి ఆపి మీ వైపున్న స్లేవ్ సిలిండర్‌కి ఉండే బ్లీడ్ స్క్రూ (ఫ్లూయిడ్ బయటికి వదిలే మర) కొంచెం వదులు చేస్తాను. ఫ్లూయిడ్ చివ్వున చిమ్మి, మీ పట్టు తిరిగొచ్చిందా, మీరు నిర్దోషి. క్షమాపణ రాతపూర్వకంగా ఇస్తాను.

తర్వాత బెల్ హౌసింగ్ (మిమ్మల్ని కప్పి ఉంచే డొప్ప) అడుగున తడి ఉందేమో చూడాలి. వేలికి అంటించి వాసన చూస్తే గంధకం కంపు కొట్టిందంటే సాధారణంగా గేర్‌బాక్స్ ముందు సీలు (నూనె కారకుండా ఆపే వలయం) పని. మామూలు ఇంజిన్ ఆయిలైతే క్రాంక్‌షాఫ్ట్ వెనక సీలు. నూనె తాగిన ప్లేటుతో బండి కదిలేటప్పుడు గజగజ వణుకుతుంది కూడా. దాన్ని పెట్రోల్‌తో కడిగి మళ్లీ బిగించే ఘనులున్నారు. నూనె లైనింగ్ (ప్లేటు మీది రాపిడి పొర) లోపలికి ఇంకిపోయాక ఎన్ని స్నానాలు చేయిస్తే ఏం లాభం?

మీ తరఫున కూడా ఒక మాట చెప్పాలి. ఇంజిన్‌కి టర్బో పెట్టించి బలం పెంచి, క్లచ్‌కి మాత్రం పాత జీతమే ఇచ్చే యజమానులున్నారు. అక్కడ కొత్త ప్లేటైనా జారుతుంది, దాన్ని బిగించి పట్టే ప్రెషర్ ప్లేట్ నొక్కుడు చాలదు మరి. ఎడమ కాలిని పెడల్ మీదే పడుకోబెట్టే రకం సంగతి చెప్పనే అక్కర్లేదు.

మీరే దోషి అని తేలితే ఒంటరిగా పంపను. ప్రెషర్ ప్లేట్‌కీ, రిలీజ్ బేరింగ్‌కీ, ఆ వెనక సీలుకీ మీతోపాటే రిటైర్మెంట్. ఫ్లైవీల్ (మీ ప్లేటు ఒత్తుకునే ఇంజిన్ వెనక చక్రం) మీద నీలం మచ్చలుంటే అవి మీ వేడి చేసిన గుర్తులేనని కేసులో రాసుకుంటాను. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులకు హానిచేసే పీచు) ఉండేది కనుక మీ దుమ్ముని గాలి కొట్టి ఊదనివ్వను. తడిగుడ్డతో తుడిచి, సంచిలో మూటకట్టి మర్యాదగా సాగనంపుతాను.

బ్లీడ్ స్క్రూ సంగతి చూడటానికి ఆదివారం పొద్దున్నే స్పానర్‌తో వస్తున్నాను. ఈలోగా ఎటూ జారుకోకండి.

ఇట్లు,
పెట్రోల్ పోసి చప్పుడు కొనుక్కుంటున్న మీ యజమాని