రాని నైట్ హాల్ట్ బస్సు గారికి

మహారాజశ్రీ నైట్ హాల్ట్ బస్సు గారికి,

దేవరకొండ అవతలి తండాల నుంచి, అచ్చంపేట దాటిన పల్లెల నుంచి పొద్దున ఆరింటికి స్టేజీ కాడ నిలబడేవాళ్లు రాయునది. మేమిక్కడ క్షేమం అని రాయడం రివాజు కాబట్టి రాస్తున్నాం.

తమరు రాత్రి ఎనిమిదిన్నరకు ఊరు చేరి వేపచెట్టు కింద ఆగి, పొద్దున ఆరింటికి కదిలేవారు. కండక్టరు టికెట్ మిషను, డబ్బుల సంచి తలకింద పెట్టుకొని వెనక సీట్లో నడుం వాల్చేవాడు. ఇప్పుడు తమరు డిపోలోనే పవళిస్తున్నారట. రాత్రి ట్రిప్పుకు నలుగురెక్కితే కిలోమీటరు రాబడి పడిపోతుంది. సిబ్బంది పడుకోవడానికి గది లేదు, బాత్రూం లేదు. న్యాయమైన కారణాలే, కాదనం.

అయితే ఇప్పుడు మాకు తొలి బస్సు ఎనిమిదిన్నరకు. ఆ రెండున్నర గంటల విలువ మీ రాబడి లెక్కలో ఎక్కడా కనపడదు గనుక చెప్తున్నాం.

మనసు జబ్బుకు లిథియం మాత్రలు వాడేవాళ్లకు, ఒంట్లో మందు ఎంతుందో చూసే రక్తపరీక్ష ఉంటుంది. రాత్రి 9కి మాత్ర వేసుకుంటే సరిగ్గా 12 గంటలకు, అంటే పొద్దున 9కి రక్తం తీయాలి. పొద్దుటి మాత్ర రక్తం ఇచ్చాకే. మీరొస్తే ఇది కుదిరేది. ఇప్పుడు జిల్లా ఆస్పత్రి చేరేసరికి పదిన్నర, ల్యాబు ముందు లైను తెగేసరికి పదకొండున్నర. అప్పటికి పద్నాలుగున్నర గంటలు. రక్తంలో మందు ఉండాల్సిన లెక్కకన్నా తక్కువ కనపడుతుంది. మాత్ర ఎప్పుడు వేసుకున్నావని అడగనివాళ్లు డోసు పెంచుతారు. లీటరుకు సాధారణంగా 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండాల్సింది 1.5 దాటితే ఒంటికి విషం. చేతులు వణుకుతాయి, నడక తూలుతుంది. మే నెల ఎండలో నీళ్లు లేకుండా స్టేజీ కాడ నిలబడ్డా అది పెరుగుతుంది, మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ మింగినా పెరుగుతుంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు బిగిసిన మర్రిగూడ, మునుగోడు వైపు ఆ గోలీ లేని ఇల్లు తక్కువ.

ఇంకొకటుంది, పేరు వింటే మీకే నవ్వొస్తుంది: డిపో ఇంజెక్షన్. ఒంట్లో నిల్వ ఉండి మెల్లగా పనిచేసే మనసు జబ్బు సూది ఇది, రోజూ మాత్ర మింగలేనివాళ్లకు రెండు వారాలకో నాలుగు వారాలకో ఒకసారి వేస్తారు. మీ డిపో నుంచి బస్సు రాకపోతే మా డిపో తప్పుతుంది. తప్పిన మర్నాడు ఏమీ కాదు, అదే మోసం. ముందు నిద్ర తగ్గుతుంది, తర్వాత అనుమానాలు మొదలవుతాయి. ఇంట్లోవాళ్లు గుర్తుపట్టేసరికి నెల గడుస్తుంది. అప్పుడు ఫైలు మీద రాస్తారు: ‘రోగి మందులు సరిగా వాడటం లేదు.’ బస్సు సరిగా రావటం లేదని రాయడానికి ఆ ఫైల్లో గడి లేదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ రోగి దూరప్రయాణం చేయాల్సిన పని ఉండకూడదని, వైద్యం ఉన్న ఊరికి దగ్గర్లోనే దొరకాలని చెప్తుంది. దాన్ని అక్షరాలా పాటించింది మీరొక్కరే. దూరప్రయాణమే లేకుండా చేశారు!

2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో ప్రయాణం ఉచితం. సంతోషం. ఆధార్ కార్డు కొంగున కట్టుకొని మా అమ్మలు సిద్ధంగానే ఉన్నారు. జీరో టికెట్ కొట్టడానికి బస్సు కావాలి కదా. షేర్ ఆటోకు జీరో టికెట్ ఉండదు. రోగికి తోడు తప్పదు కాబట్టి రానుపోను నాలుగు చార్జీలు, పైగా ఇద్దరి కూలి పోయె. ఆటో నిండేదాకా కదలదు. గుండె దడ, గాబరా ఉన్న మనిషిని పన్నెండు మంది మధ్య ఇరికిస్తే సగం దారిలో దిగిపోయి ఇంటికి నడుస్తాడు.

14416కు ఫోన్ చేయొచ్చుగా అంటారు. ఆ నంబరు టెలీ మానస్‌ది, మనసు బాధలకు సర్కారు పెట్టిన ఫోన్ సాయం. మంచిదే. 2022 నుంచి ఉంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు, అర్ధరాత్రయినా ఎత్తుతారు. కానీ ఫోన్లో రక్తం తీయలేరు, సూది వేయలేరు.

పాలమూరు జనం బస్సెక్కి బొంబాయి దాకా పోయి మేస్త్రీ పని చేసినోళ్లు. జిల్లా ఆస్పత్రికి పోవడం వాళ్లకు అంతకన్నా కష్టమైతే తప్పు ఎవరిదో మేం అనం.

పంచాయతీ ఆఫీసు పక్కగదికి ఫ్యాను, నీళ్లు, బాత్రూం పెట్టించమని సర్పంచుకు వేరే రాస్తున్నాం. రోజూ కాకున్నా మానసిక ఓపీ ఉన్న రోజుకు ముందురాత్రి వచ్చి పడుకోండి. అదీ కుదరకపోతే, రావట్లేదని రాత్రి తొమ్మిదిలోపే చెప్పండి. తొమ్మిది దాటితే మాత్ర మింగేస్తారు.

ఇట్లు,
స్టేజీ కాడ నిలబడ్డవాళ్లు