షట్టరు మీది, ఖాతా ఎవరిది?

పండగ బేరాలు దగ్గరపడితే చాలు, బజార్లలో ఏజెంట్ల తిరుగుడు మొదలవుతుంది. గూగుల్ నుంచి మాట్లాడుతున్నామని, మ్యాపులో షాపు కనబడాలంటే ఏడాదికి ఇంత కట్టాలని ఫోన్లు. మ్యాపులో షాపు వివరాలు చూపే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌కు పైసా కట్టనక్కర్లేదు. వసూలైన డబ్బు సంగతి అలా ఉంచండి. షాపు ఖాతా ఏజెంటు జీమెయిల్‌లో ఉండిపోవడమే అసలు ప్రమాదం.

నమోదుకు గూగుల్ ఇప్పుడు తరచూ వీడియో అడుగుతోంది. కత్తిరింపులు లేకుండా ఒకే బిగిన వీధి, పక్క షాపులు, సైన్‌బోర్డు, లోపలి సరుకు చూపించాలి. షాపు మీదేనన్న రుజువుగా షట్టరు తాళం తీయాలి, లేదా గల్లాపెట్టె తెరవాలి. అంటే తాళం తీసేది యజమాని, వీడియో వెళ్లేది ఏజెంటు ఖాతాలోకి. రేపు డబ్బు దగ్గర తేడా వస్తే లిస్టింగ్‌లో, అంటే గూగుల్‌లో కనబడే షాపు వివరాల్లో, ఫోన్ నంబరు మారిపోవచ్చు, 'శాశ్వతంగా మూసివేయబడింది' అన్న ముద్ర పడొచ్చు. పేరు పక్కన 'బెస్ట్ శారీ షాప్ విజయవాడ' అని తగిలించడం ఈ ఏజెంట్లకు సరదా. బోర్డు మీద లేని మాటలు చేరిస్తే ప్రొఫైల్ సస్పెండ్ కావచ్చు. ఆ కబురు మెయిల్‌లో వెళ్లేదీ ఏజెంటుకే, అప్పీలు చేసుకోవాల్సిందీ అతనే.

పొద్దస్తమానం గల్లా వదలని వ్యాపారికి ఇవన్నీ చూసుకునే తీరిక ఎక్కడిదంటారు. నిజమే, పని అప్పగించండి. యాజమాన్యం మాత్రం అప్పగించకండి.

ఖాతా ఎవరిదో తేలడానికి ఐదు నిమిషాలు చాలు. మీ ఫోన్‌లో, మీ జీమెయిల్‌తో, గూగుల్‌లో షాపు పేరు వెతకండి. మార్పులు చేసే బటన్లు కనబడితే మూడు చుక్కల మెనూలో బిజినెస్ ప్రొఫైల్ సెట్టింగ్స్‌కు, అక్కడ 'వ్యక్తులు, యాక్సెస్' అన్న చోటుకు వెళ్లండి. ప్రధాన ఓనర్‌గా మీరుండాలి. ఏజెంటు మేనేజర్‌గా ఉంటే చాలు. ఫొటోలు పెడతాడు, పండగ వేళలు మారుస్తాడు, కొత్తవాళ్లను మాత్రం చేర్చలేడు, ప్రొఫైల్ తొలగించలేడు. బటన్లే కనబడకపోతే ఖాతా మరొకరిది. యాజమాన్యం కోరుతూ అభ్యర్థన పెట్టండి. ప్రస్తుత ఓనర్‌కు మూడు రోజుల గడువుంటుంది. బదులు రాకపోతే మీరే ధ్రువీకరించుకునే వీలు దొరకవచ్చు. విసిగిపోయి రెండో లిస్టింగ్ తెరవకండి. పాత రివ్యూలు దాని వెంట రావు, పైగా నకిలీగా లెక్కకట్టి తీసేయవచ్చు.

వాట్సాప్ బిజినెస్‌లోనూ ఇదే తంతు. కౌంటర్ కుర్రాడి సిమ్ మీద కేటలాగ్ పెడితే, అతను మానేసిన రోజున కొనుగోలుదారులంతా అతని వెంటే. నంబరు యజమాని పేరిట ఉండాలి, రెండంచెల ధ్రువీకరణకు పెట్టుకునే రహస్య పిన్ నంబరు యజమానికే తెలియాలి. సిమ్ రీచార్జి మరిచిపోతే ఆ నంబరు కొన్నాళ్లకు వేరొకరికి పోవచ్చు. ఒకే సందేశాన్ని చాలామందికి పంపే బ్రాడ్‌కాస్ట్ జాబితాకు 256 మంది పరిమితి, అదీ మీ నంబరు సేవ్ చేసుకున్నవారికే చేరుతుంది. అందుకే బిల్లు ఇచ్చేటప్పుడే నంబరు సేవ్ చేయించాలి. ఏజెంట్లు ఈ ముక్క చెప్పరు.

గూగుల్ కూడా శాశ్వతం కాదు. ప్రొఫైల్‌తో ఉచితంగా ఇచ్చిన వెబ్‌సైట్లను 2024 మార్చిలో మూసేసింది. ఆ చిరునామాను క్యారీ బ్యాగుల మీద అచ్చేయించుకున్నవారికి మిగిలింది బ్యాగులే. సొంత డొమైన్, అంటే వెబ్‌సైట్ చిరునామా, కొంటే అదీ మీ పేరిటే ఉండాలి, ఏజెంటు పేరిట కాదు.

ఇక వర్తక సంఘాలు. దసరాకు ఆర్చీలు కట్టించి, నేతల ముఖాలతో ఫ్లెక్సీలు వేయించే పెద్దలకు సభ్యుల ఖాతాలు ఎవరి గుప్పిట్లో ఉన్నాయో తెలుసా? విజయవాడ బీసెంట్ రోడ్డు, రాజమహేంద్రవరం తాడితోట, హైదరాబాద్ లాడ్‌బజార్ లాంటి చోట్ల ఒక సందు తప్పితే కొనుగోలుదారు పక్క షాపుకు పోతాడు. మ్యాపులో షాపు చోటు చూపే గుర్తును సరిచేసే హక్కు కూడా చేతిలో లేని సభ్యులకు ఈ ఆర్చీలు ఏం ఒరగబెడతాయి? ఫ్లెక్సీల ఖర్చు మాని, సంఘం కార్యాలయంలో వారం రోజులు ఒక తెలిసిన మనిషిని కూర్చోబెట్టండి. ముందు అధ్యక్ష, కార్యదర్శులే తమ ఫోన్లు తెరిచి, తమ షాపు ప్రధాన ఓనర్ ఎవరో సభ్యులకు చూపించాలి.