ప్లాస్మా తలుపైనా ముందు తెరవండి

ఆఫీసులో రక్తదాన శిబిరం పెట్టారు, అందరూ వరసగా వెళ్లి ఇచ్చి వస్తున్నారు, ఒకాయన మాత్రం ఫారంలో మరో పురుషుడితో లైంగిక సంబంధం ఉందా అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయాడు. నిజం రాస్తే వెనక్కి పంపేస్తారు. అబద్ధం రాసి ఇవ్వడానికి మనసు ఒప్పుకోదు. ఇక మిగిలింది జ్వరమనో నీరసమనో చెప్పి తప్పుకోవడమే. గే, బైసెక్సువల్ పురుషులు ఎంతోమంది ఏళ్ల తరబడి అలాగే తప్పుకుంటూ వచ్చారు. వాళ్ల మాట వినకుండా ఈ నిబంధనల గురించి మాట్లాడటం సరికాదని మా అభిప్రాయం.

ఈ నిషేధం ఎందుకు వచ్చిందో మేం మరిచిపోలేదు. 1980ల మొదట్లో హెచ్ఐవీని పట్టే పరీక్షే లేదు. వేలమంది దాతల ప్లాస్మా, అంటే రక్తంలోంచి కణాలు తీసేస్తే మిగిలే ద్రవం, ఒకచోట కలిపి, దాంట్లోంచి రక్తం గడ్డకట్టించే మందు తీసేవారు. ఒక్కరి ప్లాస్మాలో వైరస్ ఉన్నా మొత్తానికీ పాకేది. ఆ మందు వాడిన, రక్తం సరిగా గడ్డకట్టని హీమోఫీలియా రోగులు వేల సంఖ్యలో హెచ్ఐవీ బారిన పడ్డారు, చాలామంది చనిపోయారు. 1977 తర్వాత ఒక్కసారైనా మరో పురుషుడితో లైంగిక సంబంధం ఉన్న మగవాళ్లు జీవితాంతం రక్తం ఇవ్వకూడదని అమెరికా నిబంధన పెట్టిందంటే, ఆనాటి పరిస్థితిలో అర్థం చేసుకోవచ్చు.

కానీ పరీక్ష 1985లోనే వచ్చేసింది. తర్వాత వచ్చిన, వైరస్ జన్యుపదార్థాన్నే నేరుగా వెతికే న్యాట్ పరీక్ష, వైరస్ సోకిన పది పన్నెండు రోజులకే దాన్ని పసిగడుతుంది. అయినా ఆ జీవితకాల నిషేధం 2015 చివరి దాకా కదల్లేదు. అప్పుడు దాన్ని 12 నెలలు చేశారు, అంటే ఏడాది పాటు ఏ పురుషుడితోనూ సంబంధం లేకుండా ఉంటేనే రక్తం తీసుకుంటామని. 2016 జూన్‌లో ఓర్లాండోలో గే క్లబ్‌పై కాల్పులు జరిగి 49 మంది చనిపోయిన రోజున, గాయపడ్డవాళ్లకు రక్తం కావాలని జనం బారులు తీరితే, సొంత స్నేహితుల కోసం పరుగెత్తుకొచ్చిన గే పురుషులకు ఆ నిబంధనే అడ్డొచ్చింది. కోవిడ్ నుంచి కోలుకుని ప్లాస్మా ఇస్తామని ముందుకొచ్చినవాళ్లకు కూడా 2020లో ఇదే అనుభవం.

ఇక ఈ పురుషులు ఏమంటున్నారు? అందరూ ఒకే మాట అనడం లేదు, అది కూడా చెప్పాలి. ఏళ్లుగా ఒక్క భాగస్వామితోనే ఉంటున్న వ్యక్తి, నెలల తరబడి దూరంగా ఉండి రమ్మంటే అవమానంగా భావిస్తాడు, అతనికి ఆ షరతు ఎందుకు పెట్టాలో మాకూ అర్థం కాదు. కొత్త భాగస్వాములతో కండోమ్ లేకుండా తిరిగే ఆడా మగా జంటలకు లేని అనుమానం తమ మీదే ఎందుకని చాలామంది అడుగుతారు. రక్తం ఇవ్వడం హక్కు కాదు, ఎక్కించుకునే రోగి ప్రాణమే ముందు అనేవాళ్లూ వాళ్లలోనే ఉన్నారు, వాళ్లు అడిగేదల్లా అందరినీ ఒకేలా అడగమని. బ్రిటన్ 2021లో, కెనడా 2022లో, అమెరికా 2023లో ఆ దారికి వచ్చాయి: ఈ మూడు నెలల్లో కొత్త భాగస్వామి ఉన్నారా, ఒకరికంటే ఎక్కువమంది ఉన్నారా, ఉంటే ఎలాంటి సంబంధం అని ఆడా మగా తేడా లేకుండా అడుగుతున్నారు. ఇటలీ అయితే 2001 నుంచే మనిషిని బట్టి అంచనా వేస్తోంది. భారత్‌లో మాత్రం 2017 మార్గదర్శకాలు పురుషులతో సంబంధం ఉన్న పురుషులనూ, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులనూ మొత్తంగా పక్కన పెట్టాయి. 2021లో దాన్ని సుప్రీంకోర్టులో సవాలు చేశారు.

కొత్త పద్ధతిలోనూ ఒక చిక్కుంది. హెచ్ఐవీ రాకుండా రోజూ ప్రెప్ మాత్ర వేసుకునేవాళ్లను అమెరికాలో ఆఖరి మాత్ర తర్వాత మూడు నెలలు ఆగమంటారు. ఆ మాత్ర ఒంట్లో ఉంటే, ఒకవేళ వైరస్ సోకినా పరీక్షకు ఆలస్యంగా దొరకొచ్చు, కారణం నిజమైనదే. కానీ జాగ్రత్తగా ఉన్నందుకే శిక్ష వేసినట్టుందని వాళ్లు బాధపడుతున్నారు, ఆ బాధలో న్యాయముంది.

ఇక్కడే ప్లాస్మా సంగతి వస్తుంది. ఎర్రకణాలను ఆరు వారాలకు మించి మామూలుగా నిల్వ చేయలేరు. ప్లాస్మాను ఫ్రీజ్ చేసి నెలల తరబడి ఉంచొచ్చు, దాత మళ్లీ వచ్చి పరీక్షలో బాగున్నాడని తేలాక వాడొచ్చు. ఇమ్యునోగ్లోబులిన్, ఆల్బుమిన్ లాంటి మందులు చేసే ప్లాస్మానైతే వైరస్‌లను చంపే దశలు దాటించి వడపోస్తారు. 1980ల్లో ఇవి సరిగా లేకనే అంత ఘోరం జరిగింది, ఇప్పుడు ఇవి ఉన్నాయి. అందుకే ఆస్ట్రేలియా 2025 జూలై నుంచి గే, బైసెక్సువల్ పురుషుల్లో ఎక్కువమంది ఏ గడువూ లేకుండా, ప్రెప్ వాడుతున్నా సరే, ప్లాస్మా ఇవ్వొచ్చని తలుపు తెరిచింది.

రక్తం వద్దు ప్లాస్మా చాలు అంటే మమ్మల్ని సగమే నమ్మినట్టు కదా అని కొందరు అంటారు. ఆ మాట మమ్మల్ని చాలాసేపు ఆలోచింపజేసింది. అయినా ఆ తలుపు తెరవడమే మంచిదని అనుకుంటున్నాం, ఎందుకంటే ఇక్కడి తేడా మనిషిని బట్టి కాదు, ప్లాస్మాను శుద్ధి చేసే తీరును బట్టి వచ్చింది. ఆ విషయం దాతకు ఎదురుగా కూర్చుని విడమరిచి చెప్పాలి. రక్తం నిబంధనను కూడా మనిషిని బట్టి అడిగేలా మార్చే పని దీని వెంటే నడవాలి, ప్లాస్మా ఇచ్చాం కదా అని అక్కడితో ఆపేయకూడదు.

ఇంకొకటి. ఇన్నేళ్లూ శాశ్వతంగా తిరస్కరించినవాళ్ల పేర్లు బ్లడ్ బ్యాంకుల రికార్డుల్లో ఉంటాయి. రూలు మారిన రోజున వాళ్లంతట వాళ్లే వస్తారని ఎదురుచూడొద్దు. ఫోన్ చేసి, అప్పుడు వెనక్కి పంపినందుకు క్షమించమని అడిగి, ఇప్పుడు రమ్మని పిలవండి.