ఆండ్రూ రిజ్లీ ఊరికే పక్కన నిలబడ్డవాడు కాదు

ఇంగ్లీషు పాప్ పాటలు వినేవాళ్ళ మధ్య ఒక మాట ఏళ్ళుగా తిరుగుతోంది. 1980ల నాటి బ్రిటిష్ పాప్ జోడీ 'వామ్!' అంటే జార్జ్ మైకేల్ ఒక్కడేనట. జోడీలో రెండోవాడైన ఆండ్రూ రిజ్లీ ఒక్క పాట కూడా రాయలేదట, గిటారు తగిలించుకుని పక్కన నిలబడి డబ్బు చేసుకున్నాడట. పేరొచ్చాక జార్జ్ అతన్ని వదిలించుకున్నాడట, 1986లో గొడవపడి విడిపోయారట. ఇందులో సగం నిజం ఒక్కచోట ఉంది. మిగతాదంతా ఒక మనిషికి చేస్తున్న అన్యాయం.

ముందు "ఊరికే నిలబడ్డాడు" అన్న మాట. 1975లో ఇంగ్లండులో హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని బుషీ మీడ్స్ స్కూల్లో కొత్తగా చేరిన ఒక సిగ్గరి కుర్రాడిని నేను చూసుకుంటానని చెయ్యెత్తింది ఆండ్రూయే. ఆ కుర్రాడే తర్వాత జార్జ్ మైకేల్ అయ్యాడు. 1979లో పట్టుబట్టి 'ది ఎగ్జిక్యూటివ్' అనే స్కా (జమైకాలో పుట్టిన సంగీత శైలి) బ్యాండు పెట్టించిందీ ఆండ్రూయే. మొదట్లో స్టేజీ మీద జార్జ్‌లో కనిపించిన ఆ ధీమా, ఆ స్టైలు చాలావరకు ఆండ్రూని చూసి నేర్చుకున్నవి. ఇవి కచేరీ టికెట్ల లెక్కల్లోకి రావు. కానీ ఇవి లేకపోతే ఆ బ్యాండే లేదు.

"ఒక్క పాట కూడా రాయలేదు" అన్నది పచ్చి అబద్ధం. 'వామ్ ర్యాప్!', 'క్లబ్ ట్రోపికానా' రెండింటికీ రచయితలుగా ఇద్దరి పేర్లూ ఉన్నాయి. 'కేర్‌లెస్ విస్పర్' సంగతైతే మరీ అన్యాయం. ఆ శాక్సఫోన్ మొదలవగానే అందరూ జార్జ్‌నే తలుచుకుంటారు. బ్రిటన్‌లో రికార్డు కూడా అతని ఒక్కడి పేరుతోనే వచ్చింది. కానీ ఆ పాటను వాళ్ళిద్దరూ రికార్డు కంపెనీ మొహం చూడకముందే, టీనేజీలో ఉండగా కలిసి కట్టారు. పాటకు ఆధారమైన గిటారు కార్డుల (కలిపి మోగించే స్వరాల) వరస ఆండ్రూ తెచ్చాడు. 1984లో అది బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్ళింది, తర్వాత అమెరికాలోనూ. రచయితల చోట ఇద్దరి పేర్లూ ఉన్నాయి, ఎవరైనా చూసుకోవచ్చు. అదే ఏడాది వచ్చిన 'వేక్ మీ అప్ బిఫోర్ యూ గో-గో' జార్జ్ ఒక్కడే రాసినా, ఆ పేరు పుట్టింది ఆండ్రూ ఇంట్లో వాళ్ళకి రాసిపెట్టిన చీటీలోంచి.

సగం నిజం ఇక్కడే ఉంది. 1984 నుంచి కొత్త పాటల భారమంతా జార్జ్‌దే. అతని చేతికి అప్పటికి ఎవరూ అందుకోలేనంత పదును వచ్చింది. ఆండ్రూ అది గుర్తించి పక్కకు జరిగాడు. స్నేహితుడి ప్రతిభ తనకన్నా పెద్దదని ఇరవై ఏళ్ళ వయసులో ఒప్పుకోవడం చేతకానితనమా? నాకైతే అది పెద్ద మనసు.

డబ్బు యావ అన్న ఆరోపణకు ఒక్క ముక్క చాలు: 1984 చివర్లో వచ్చిన 'లాస్ట్ క్రిస్మస్' రాయల్టీలను వామ్! ఇథియోపియా కరువు బాధితులకు ఇచ్చేసింది.

ఇక గొడవ. 1986 మొదట్లో గొడవ జరిగిన మాట నిజం, కానీ వాళ్ళిద్దరి మధ్య కాదు. వాళ్ళ మేనేజర్ల సంస్థను కొనబోయిన కంపెనీకి, వర్ణవివక్ష నాటి దక్షిణాఫ్రికాలోని సన్ సిటీ అనే విలాస రిసార్టుతో సంబంధం ఉందని తెలిసి, జార్జ్ ఆ మేనేజర్లను వదిలేశాడు. బ్యాండును ముగించడం ఇద్దరూ ఒప్పుకుని చేసిన పని. జార్జ్ పెద్దవాళ్ళు వినే పాటలు చెయ్యాలనుకున్నాడు, వామ్! కుర్రకారు సంబరం. రెండూ ఒక పేరు కింద ఇమడవని ఇద్దరికీ తెలుసు. అందుకే 1986 జూన్ 28న వెంబ్లీ స్టేడియంలో 72,000 మంది ముందు ఇద్దరూ కలిసే ఆఖరి కచేరీ చేశారు. 1991లో బ్రెజిల్‌లోని రియో కచేరీలో జార్జ్ స్టేజీ మీదికి మళ్ళీ ఆండ్రూ వచ్చాడు. గొడవపడి తరిమేసినవాణ్ణి ఎవరైనా అలా పిలుస్తారా?

1990లో ఆండ్రూ సొంతంగా చేసిన ఆల్బమ్ ఆడలేదు, నిజమే. కానీ దాన్ని పట్టుకుని అంతకుముందు అతను చేసినదంతా కొట్టిపారేయడం కుదరదు.