గర్భసంచిలో గడ్డ అనగానే తీయించేసుకోవాలా?

ఈ మధ్య ఒకే వారంలో ముగ్గురు నాకు ఒకే మెసేజ్ పంపారు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: "గర్భసంచిలో గడ్డలుంటే ఆలస్యం చేయకండి, క్యాన్సర్‌గా మారతాయి. పిల్లలు పుట్టేశాక ఆ సంచితో పనేముంది? అండాశయాలతో సహా తీయించేసుకోండి. చిన్న ఆపరేషనే, వారంలో లేచి తిరగొచ్చు." పంపినవాళ్ళలో ఒకామెకు వేరే దేనికో స్కానింగ్ చేస్తే 2 సెంటీమీటర్ల గడ్డ బయటపడింది. నొప్పి లేదు, బ్లీడింగ్ ఎక్కువ లేదు. అయినా ఆ మెసేజ్ చదివిన దగ్గర్నుంచి ఆమెకు నిద్ర పట్టడం లేదు.

నేను ఫైబ్రాయిడ్లు అనే ఈ గడ్డల కోసమే గర్భసంచి తీయించుకున్నాను. నాకు అది మేలే చేసింది. కాబట్టి ఆపరేషన్ వద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. భయపడి తీయించుకోవద్దని చెప్పడానికి రాస్తున్నాను.

ముందుగా క్యాన్సర్ మాట. ఫైబ్రాయిడ్లు గర్భసంచి కండరంలోంచి పెరిగే మామూలు గడ్డలు, క్యాన్సర్ కాదు. 50 ఏళ్ళు వచ్చేసరికి సగం మందికి పైగా ఆడవాళ్ళలో ఏదో ఒక సైజులో ఉంటాయి. చాలామందికి ఉన్నట్టే తెలియదు. నెలసరి ఆగిపోయాక సాధారణంగా వాటంతట అవే కుంచించుకుపోతాయి. సార్కోమా అనే క్యాన్సర్ గడ్డ చూడ్డానికి ఫైబ్రాయిడ్‌లాగే ఉండొచ్చన్నది నిజమే. కానీ అది చాలా అరుదు. మామూలు ఫైబ్రాయిడ్ ముదిరి అలా అవుతుందని కాదు, అది మొదటి నుంచీ వేరే జబ్బేనని ఎక్కువమంది వైద్యుల అభిప్రాయం. నెలసరి ఆగాక గడ్డ పెరుగుతున్నా, మళ్ళీ రక్తం కనిపించినా మాత్రం ఒక్క రోజు కూడా ఉపేక్షించకూడదు. 45 దాటాక బ్లీడింగ్ తీరు మారితే గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. మెసేజ్ రాసినవాళ్ళకు నిజంగా క్యాన్సర్ గురించే బెంగ ఉంటే చెప్పాల్సిన సంగతి ఇది.

"పిల్లలు పుట్టేశాక పనేముంది?" అసలు అడగాల్సిన ప్రశ్న ఇది కాదు. గడ్డ మిమ్మల్ని ఏం ఇబ్బంది పెడుతోంది, అది ఎక్కడుంది అన్నవే అసలు ప్రశ్నలు. గర్భసంచి లోపలి గోడ వైపు ఉన్న చిన్న గడ్డ కూడా విపరీతంగా బ్లీడింగ్ చేయిస్తుంది. బయటి వైపు పెరిగిన పెద్ద గడ్డ ఒక్కోసారి ఏ బాధా పెట్టదు. లేదంటే మూత్రాశయాన్ని నొక్కి, మాటిమాటికీ బాత్‌రూమ్‌కు పరుగెత్తిస్తుంది.

నా సంగతి చెబుతాను. నెలసరి రెండో రోజు, మూడో రోజు గంటకో ప్యాడ్ నిండిపోయేది. రాత్రిళ్ళు పాత దుప్పటి నాలుగు మడతలు వేసి, దాని మీద వెల్లకిలా కదలకుండా పడుకునేదాన్ని. తెల్లవారి లేచి నిలబడగానే రక్తం గడ్డలు పడేవి. పది మెట్లెక్కితే గుండె దడదడలాడేది. హిమోగ్లోబిన్ 6.8కి దిగిపోయింది.

అప్పుడు కూడా డాక్టర్ మొదట ఆపరేషన్ అనలేదు. నెలసరి రోజుల్లో బ్లీడింగ్ తగ్గడానికి వేసుకునే ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు ఇచ్చారు. గర్భసంచిలో అమర్చే హార్మోన్ లూప్ గురించి చెప్పారు. గడ్డ లోపలి వైపుంటే పొట్ట కోయకుండా కింది నుంచే తీసేయొచ్చు. గడ్డలు మాత్రమే తీసి గర్భసంచిని ఉంచే మయోమెక్టమీ ఉంది. గడ్డకు రక్తం వెళ్ళే ధమనులను మూసేసే ఎంబోలైజేషన్ ఉంది. అయితే వీటిలో కొన్నింటి తర్వాత గడ్డలు మళ్ళీ రావచ్చు. నా గర్భసంచి నిండా గడ్డలే, ఐదో నెల గర్భమంత పెరిగింది. మాత్రలతో ఏడాది నెట్టుకొచ్చాను. ఇవన్నీ చూశాక, ఐరన్ ఇంజక్షన్లతో రక్తం పెంచుకుని అప్పుడు ఆపరేషన్‌కు ఒప్పుకున్నాను.

"అండాశయాలతో సహా" అన్న మాట చదివినప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది. అండాశయాలు పిల్లల కోసం మాత్రమే కాదు. ఎముకలకు, గుండెకు మేలు చేసే ఈస్ట్రోజన్ అనే హార్మోన్ వాటి నుంచే వస్తుంది. నెలసరి ఇంకా ఆగని మనిషికి రెండూ తీసేస్తే మెనోపాజ్ మెల్లగా రాదు, ఒక్కసారిగా మీద పడుతుంది: ఒంట్లోంచి ఆవిర్లు, చెమటలు, నిద్రలేమి, ముందు ముందు ఎముకల బలహీనత. కుటుంబంలో అండాశయ, రొమ్ము క్యాన్సర్లున్నవాళ్ళకు తీయాల్సిన కారణం ఉండొచ్చు. అది జన్యు పరీక్షలు చూసి నిర్ణయించాల్సిన విషయం. ఫైబ్రాయిడ్లు ఒక్కటే కారణమైతే ఆరోగ్యంగా ఉన్న అండాశయాల జోలికి వెళ్ళక్కర్లేదు. వాటిని ఉంచినా మెనోపాజ్ కొంచెం ముందుగా రావచ్చని నాకు ముందే చెప్పారు. సంతకం పెట్టే ముందు ఆ కాగితంలో ఏమేం తీస్తామని రాశారో చదివించుకోండి: గర్భసంచి ఒక్కటేనా, గర్భాశయ ముఖద్వారమా, ట్యూబులా, అండాశయాలా? ముఖద్వారం ఉంచితే, అక్కడ వచ్చే క్యాన్సర్‌ను ముందే పట్టే పాప్ పరీక్షలు ఆ తర్వాత కూడా చేయించుకుంటూ ఉండాలి.

ఇక "వారంలో లేచి తిరగొచ్చు." లేచి తిరగడం మర్నాడే మొదలవుతుంది, తిరగాలి కూడా, లేకపోతే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. కానీ కోలుకోవడం వేరు. పొట్ట కోసి చేస్తే 6 నుంచి 8 వారాలు పడుతుంది. చిన్న రంధ్రాల ద్వారా చేసే లాపరోస్కోపీతోనో, కింది నుంచో చేస్తే ఇంకా త్వరగా లేస్తారు, అయినా అది వారం మాట కాదు. మొదటి రోజు నర్సు నన్ను పక్కకు ఒత్తిగిలించి, మోచేతి మీద బరువు వేయించి లేపింది. దగ్గు వస్తే దిండు పొట్టకు అదుముకుని దగ్గమంది. నెల రోజులు ఆ దిండు నా పక్కనే ఉంది. పన్నెండో రోజు ఒళ్ళు తేలికగా అనిపించి సగం బకెట్ నీళ్ళు ఎత్తాను. సాయంత్రానికి ప్యాడ్ మీద ఎర్రగా కనిపించింది. పైన కోత మానినట్టే ఉంటుంది కానీ లోపల యోని పైభాగంలో వేసిన కుట్లు ఇంకా అతుక్కుంటూనే ఉంటాయని డాక్టర్ అప్పుడు చెప్పారు. అందుకే 6 వారాలు బరువులు వద్దంటారు, కలయిక వద్దంటారు. మలబద్ధకం రాకుండా మందు అడిగి తీసుకోండి. ముక్కితే ఆ కుట్ల మీదే ఒత్తిడి పడుతుంది. జ్వరం, దుర్వాసన, గంటకో ప్యాడ్ తడిసే బ్లీడింగ్, మూత్రం రాకపోవడం, ఒక పిక్కలో నొప్పి, వాపు, ఉన్నట్టుండి ఆయాసం... వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకండి.

ఆ మెసేజ్ కింద కొందరు "తీయిస్తే దాంపత్యం ఉండదు, ఒళ్ళు వచ్చేస్తుంది" అని రాశారు. అదీ సరికాదు. బ్లీడింగ్, నొప్పి తగ్గాక దాంపత్యం మునుపటిలాగే ఉందనో, మెరుగైందనో చెప్పేవాళ్ళే ఎక్కువ. కొందరికి మార్పు తెలుస్తుంది, అప్పుడు సిగ్గుపడకుండా డాక్టర్‌ను అడగాలి. లోపల ఖాళీ మిగిలిపోతుందేమోనన్న భయమూ అక్కర్లేదు, ఆ చోటులోకి పేగులు సర్దుకుంటాయి.

2 సెంటీమీటర్ల గడ్డ ఉన్నామెను డాక్టర్ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఇప్పుడు మందు కూడా అక్కర్లేదు, బ్లీడింగ్ పెరిగినా పొట్ట బరువుగా అనిపించినా రండి అన్నారు. బయటికొచ్చి కుర్చీలో కూర్చుని కాసేపు ఏడ్చింది. తర్వాత ఫోన్ తీసి ఆ మెసేజ్ తనకు పంపిన చెల్లెలికి కాల్ చేసింది.