తీసేసినా తన గుర్తులు వదిలిపోయే సాఫ్ట్‌వేర్

కొత్త సాఫ్ట్‌వేర్ ఏదో వేస్తాం. మర్నాడు ప్రింట్ స్క్రీన్ మీట నొక్కితే ఎప్పుడూ వచ్చే విండో రాదు. పీడీఎఫ్ ఫైలు ఇంకెందులోనో తెరుచుకుంటుంది. కీబోర్డు పోయిందేమో, వైరస్ దూరిందేమో అని టెన్షన్ మొదలవుతుంది. చాలాసార్లు ఏదీ పాడై ఉండదు. కంప్యూటర్‌తో పాటే వచ్చిన సౌకర్యాన్ని కొత్త ప్రోగ్రాం తన చేతిలోకి తీసుకుని ఉంటుంది. మనల్ని ఒక్క మాటైనా అడగకుండా ఆ పని చేయడం నా దృష్టిలో తప్పే.

మీటల గొడవ చిన్నదే. విండోస్‌లో ఒక షార్ట్‌కట్‌ను ఏ ప్రోగ్రాం ముందు నమోదు చేసుకుంటే అది దానికే దక్కుతుంది, సెట్టింగుల్లోకి వెళ్తే విడిపించుకోవచ్చు. ఇంటర్నెట్ విషయంలో మాత్రం మనిషి నిజంగా ఇబ్బంది పడతాడు. మన ఇంటర్నెట్ రాకపోకలను వేరే దారిలో పంపే కొన్ని వీపీఎన్‌లు, సైట్లను అడ్డుకునే కొన్ని ఫిల్టర్ ప్రోగ్రాములు బ్రౌజర్‌కీ నెట్‌వర్క్‌కీ నడుమ ప్రాక్సీగా, అంటే మధ్యవర్తిగా కూర్చుంటాయి. వాటిని తీసేసినా ప్రాక్సీ సెట్టింగ్ అలాగే ఉండిపోతే, వైఫై కనెక్ట్ అయినట్టే కనిపిస్తుంది కానీ ఒక్క పేజీ తెరుచుకోదు. పాపం, ఆ మనిషి రౌటర్‌ను ఆపి ఆన్ చేస్తూనే ఉంటాడు. తప్పు ఎక్కడుందో అతనికి చెప్పేవాళ్లు ఉండరు.

దీనికంటే లోతుకు వెళ్లేవి ఫిల్టర్ డ్రైవర్లు. డ్రైవర్ అంటే ఒక పరికరాన్ని విండోస్‌తో మాట్లాడించే చిన్న ప్రోగ్రాం. విండోస్‌కూ సీడీ డ్రైవ్‌కూ మధ్య చేరి, వచ్చే పోయే ప్రతి ఆదేశాన్నీ ఇవి చూస్తాయి. డ్రైవర్ ఫైలు పోయి, విండోస్ తన సెట్టింగులు రాసుకునే రిజిస్ట్రీలో దాని పేరు మాత్రం మిగిలిందనుకోండి. విండోస్ ఆ పేరు పట్టుకుని వెతుకుతుంది, దొరక్కపోయేసరికి డ్రైవ్‌నే నడపదు. బాగున్న డ్రైవ్ మై కంప్యూటర్‌లోంచి మాయమవుతుంది. 2005లో సోనీ బీఎంజీ మ్యూజిక్ సీడీల వ్యవహారంలో జరిగింది ఇదే. కాపీలను అడ్డుకోవడానికి ఆ సీడీలు ఎక్కించిన ప్రోగ్రాం తన ఫైళ్లు కనబడకుండా దాచుకునేది. దాన్ని మామూలు పద్ధతిలో తీసేసే దారే పెట్టలేదు. చేత్తో తుడిచేస్తే సీడీ డ్రైవ్ పనిచేయడం మానేసేది. ఈ సంగతి బయటపెట్టిన మార్క్ రుస్సినోవిచ్ విండోస్ లోపలి పనితీరు ఔపోసన పట్టిన నిపుణుడు. ఆయన డ్రైవ్‌ను మళ్లీ దారిలో పెట్టుకోగలిగాడు. పాటలు వినడానికి సీడీ కొనుక్కున్న మామూలు మనిషి ఏం చేయాలి?

అప్‌డేట్ కూడా ఒక కొత్త ఇన్‌స్టాలే. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ తన రక్షణ ప్రోగ్రాంకు పంపిన ఒక లోపభూయిష్ట ఫైలుతో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు కుప్పకూలాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. ఆ ప్రోగ్రాం విండోస్‌కు గుండెకాయలాంటి కర్నెల్ స్థాయిలో నడుస్తుంది కాబట్టే అది పడగానే మొత్తం విండోస్ పడింది.

అలాంటప్పుడు అన్నిటికీ తలుపులు మూసేస్తే సరిపోదా అంటారు. ఆపిల్ ఆ దారే పట్టింది. 2015లో మ్యాక్ సిస్టమ్ ఫైళ్లకు తాళం వేసింది, తర్వాత కర్నెల్‌లోకి చేరే బయటి ప్రోగ్రాములైన కర్నెల్ ఎక్స్‌టెన్షన్లనూ క్రమంగా దూరం పెట్టింది. దీనివల్ల రక్షణ పెరిగిన మాట నిజమే. కానీ తాళంచెవి పూర్తిగా ఒక్క కంపెనీ చేతిలో ఉంటే, ఏ ప్రోగ్రాం ఎంతవరకు రావచ్చో తేల్చేది అదే అవుతుంది. 64 బిట్ విండోస్ విస్టాలో మైక్రోసాఫ్ట్ కర్నెల్‌కు రక్షణ పెట్టినప్పుడు యాంటీవైరస్ కంపెనీలు లేవనెత్తిన అభ్యంతరం ఇదే. అందులో వాళ్ల వ్యాపార ప్రయోజనం ఉంది, అయినా ప్రశ్న సరైనదే.

నేను కోరేది తాళం కాదు, లెక్క. ఏ సెట్టింగ్ మారుస్తున్నదీ ఇన్‌స్టాల్ చేసేటప్పుడే చూపించాలి, తీసేసేటప్పుడు దాన్ని వెనక్కి పెట్టాలి. ఆ బాధ్యత తయారుచేసినవాళ్లది. ఇన్‌స్టాల్‌కు ముందు పాత స్థితికి తిరిగి వెళ్లేందుకు రిస్టోర్ పాయింట్ పెట్టుకోవడం, తేడా వస్తే తప్పనిసరి భాగాలతో మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌లో చూడటం మంచి అలవాట్లే. అయితే ఆ జాగ్రత్త మొత్తం వాడేవాళ్ల నెత్తిన వేయడం న్యాయం కాదు.

ఇదేమీ సాధ్యం కాని కోరిక కాదు. 1999లో ఆఫీస్ 2000తో వచ్చిన విండోస్ ఇన్‌స్టాలర్‌కు రోల్‌బ్యాక్ తెలుసు. ఇన్‌స్టాల్ మధ్యలో విఫలమైతే చేసిన మార్పులన్నీ వెనక్కి తీసుకుంటుంది. అందుకోసం పాత ఫైళ్లను దాచి ఉంచుతుంది. ఇన్‌స్టాల్ విజయవంతం కాగానే వాటిని చెరిపేస్తుంది. పాత సెట్టింగుల జాబితా వరకైనా ఆ ప్రోగ్రాం కంప్యూటర్‌లో ఉన్నన్నాళ్లూ భద్రంగా ఉంచితే చాలు.